జ్వరం లేనివారికి ఇంటి కోవిడ్ కిట్ ఎంతవరకు ఉపయోగం: రెండేళ్లు వాడిన తర్వాత

2022 జనవరి 10, సోమవారం ఉదయం కూకట్‌పల్లిలో మా వీధి చివర ఉన్న మందుల దుకాణానికి వెళ్లి, ఇంట్లోనే చేసుకునే కోవిడ్ పరీక్ష కిట్లు మూడు ఇమ్మని అడిగాను. "ఇంట్లో జ్వరం ఎవరికండీ?" అని దుకాణదారు అడిగాడు. ఎవరికీ లేదన్నాను. "మరెందుకండీ డబ్బు దండగ? ఒళ్లు వెచ్చబడితే అప్పుడు చూసుకోవచ్చు కదా" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా మా ఇంటికి మందులు ఇస్తున్న మనిషి, మా మేలు కోరే ఆ మాట అన్నాడు. ఆయనకు చెప్పడానికి ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేదు. ఈ సమీక్ష ఆయన వేసిన ప్రశ్న గురించే: ఏ లక్షణమూ లేని మనిషికి ఈ కిట్ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు?

ఆ సంక్రాంతి నుంచి 2023 చివరి వరకు మా ఇంట్లో పద్నాలుగు కిట్లు వాడాము. వాటిలో ఒకటి నా చేతుల్లోనే పాడైంది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. మూడు రకాల పెట్టెలు వాడి చూశాను, పని చేసే తీరులో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కనుక నేను చెప్పేది ఈ తరహా కిట్లన్నిటికీ వర్తిస్తుందనే అనుకుంటున్నాను. జ్వరం, గొంతు నొప్పి ఉన్నవారికి ఇవి ఎంత బాగా పనిచేస్తాయో చాలామంది రాశారు. లక్షణాలు లేనివారి వైపు నుంచి చూసి రాసినది తెలుగులో నాకు కనిపించలేదు.

మా సంగతి ఇది. జనవరి 7, శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో నా పక్కన కూర్చుని భోజనం చేసిన సహోద్యోగికి ఆదివారం పాజిటివ్ అని తేలింది. బుధవారం రాత్రి బస్సుకు తణుకు దగ్గర మా ఊరికి ప్రయాణం కావలసి ఉంది. శుక్రవారం భోగి. ఊళ్లో మా అమ్మమ్మ ఉంది. వయసు ఎనభై నాలుగు, ఎప్పటి నుంచో ఆయాసం, రోజుకు రెండుసార్లు పీల్చే మందు. టీకా రెండు డోసులూ వేయించాము, అయినా ఊపిరితిత్తుల బలం ఎంతో డాక్టరు ముందే చెప్పి ఉన్నారు. నాకు మాత్రం ఒళ్లు నలతగా కూడా లేదు. ఆదివారం ఇంటి పైకప్పు మీద రెండు బస్తాల వడియాలు ఎండబెట్టి దింపాను. ఒంట్లో ఇంత ఓపిక ఉన్న మనిషికి పరీక్ష ఎందుకనే ప్రశ్న దుకాణదారుది మాత్రమే కాదు, సగం నాది కూడా.

పెట్టెలో ఉండేవి ఇవి: కాగితపు తొడుగులో ఒక స్వాబ్ పుల్ల, అడుగున కొంచెం ద్రవం ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం, దానికి బిగించే ముక్కు మూత, వెండి రంగు కవరులో తేమ పీల్చే తెల్లని పొట్లంతో పాటు పరీక్ష పలక, వాడిన తర్వాత అన్నీ వేసి మూసే సంచి, మడతల మడతల సూచనల కాగితం. పుల్లను ఒక్కొక్క ముక్కు రంధ్రంలో రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల లోతుకు పెట్టి, గోడకు తగిలేలా ఐదేసి సార్లు తిప్పాలి. ప్రయోగశాలలో తీసినట్లు కళ్ల వెనక దాకా పోదు. కాస్త చక్కిలిగింత, ఒక తుమ్ము, కంట్లో ఒక నీటి బొట్టు, అంతే. తర్వాత పుల్లను ద్రవంలో ముంచి పదిసార్లు తిప్పి, గీటు ఉన్నచోట విరిచి, మూత బిగించి, పలక మీది గుంటలో రెండు చుక్కలు వేయాలి. పదిహేను నిమిషాలు ఆగాలి. ఇరవై నిమిషాలు దాటిన తర్వాత కనిపించేది ఏదైనా లెక్కలోకి రాదు.

ఆ పలకలో జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. వైరస్ తన జన్యు పదార్థాన్ని చుట్టి ఉంచుకునే న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు, రంగు రేణువులకు అంటుకొని, ద్రవంతో పాటు కాగితపు పట్టీ వెంట పాకుతాయి. ప్రొటీన్ దొరికితే పలక మీది 'టి' అక్షరం దగ్గర ఆగి గీత గీస్తాయి. 'సి' దగ్గర గీత మాత్రం ఎలాగూ రావాలి. అది రాకపోతే పరీక్ష చెల్లదు. ప్రయోగశాలలో చేసే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో అయితే, ఉన్న కాసింత వైరస్ జన్యు పదార్థాన్ని మళ్లీ మళ్లీ రెట్టింపు చేసి చూస్తారు. ఇక్కడ రెట్టింపు చేయడమనేది లేదు. ముక్కులో ఆ క్షణాన తగినంత వైరస్ ఉంటేనే గీత వస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కిట్ బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి.

సోమవారం నాకు 'సి' గీత ఒక్కటే వచ్చింది. మనసు తేలికపడింది, ఊరికి సంచులు సర్దడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ పూటే నేను పొరపాటు ఆలోచనలో పడ్డాను: నెగెటివ్ అంటే నాకు వైరస్ లేదని అర్థం చేసుకున్నాను. బుధవారం సాయంత్రం బస్సుకు నాలుగు గంటల ముందు మళ్లీ చేసుకోవడానికి కారణం జాగ్రత్త కన్నా బెంగ. అమ్మమ్మ మంచం పక్కనే నా మంచం వేస్తారు. అది తలచుకుంటే ఒక్క పరీక్షతో బయలుదేరడానికి మనసు ఒప్పలేదు.

రెండు చుక్కలు వేసి ఫోనులో సమయం పెట్టుకున్నాను. రెండు నిమిషాలకే 'సి' గీత ముదురుగా తేలింది. తొమ్మిదో నిమిషంలో 'టి' పక్కన ఏదో మెదిలినట్లనిపించింది. ట్యూబ్‌లైటు కింద చూస్తే ఉంది, పలక వంచితే లేదు. మా వారిని పిలిచాను. "గీతేమీ లేదు, కాగితం మడత నీడ అది" అన్నారు. బాల్కనీలోకి తీసుకుపోయి పగటి వెలుగులో చూశాము. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూశాము. పదిహేనో నిమిషానికి ఆయన కూడా ఒప్పుకున్నారు: గులాబీ రంగులో, దారప్పోగు కన్నా సన్నగా, ఒక చివర నుంచి మరో చివర దాకా తెగకుండా ఉంది. గీత ఎంత పలుచగా ఉన్నా, రంగు ఉండి, సమయంలోపల వస్తే పాజిటివే. సూచనల కాగితంలో ఆ వాక్యం ఉంది కానీ, మడతలో, అందరికన్నా చిన్న అక్షరాలలో ఉంది. లక్షణాలు లేనివారికి అన్నిటికన్నా అవసరమైన వాక్యం అదే. జ్వరంతో ఉన్నవాడు పలుచని గీతను చూసి అనుమానపడడు. ఒళ్లు బాగున్నవాడు తప్పకుండా అనుమానపడతాడు, కాగితం మడత అనే అనుకుంటాడు.

ఆ రాత్రి అమ్మమ్మకు ఫోన్ చేశాను. "పండక్కి రాకుండా నీకేం జ్వరం వచ్చిందే?" అంది. "ఏ జ్వరమూ రాలేదు అమ్మమ్మా, అందుకే రావడం లేదు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, కోపం వచ్చింది. అరిసెలు డబ్బాలో పెట్టి పక్కింటి వాళ్ల అబ్బాయి చేతికిచ్చి పంపింది.

నాకు చివరి దాకా ఏ లక్షణమూ రాలేదు. పోపులో ఇంగువ వాసన ప్రతి పూటా పట్టి పట్టి చూసుకున్నాను. రోజుకు మూడుసార్లు వేలికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టుకుంటే 97 కన్నా తగ్గలేదు. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. 2022 జనవరి 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన హోం ఐసొలేషన్ మార్గదర్శకాలలో, లక్షణాలు లేని రోగి అంటే ఎవరో నిర్వచించేటప్పుడు, పరీక్షలో నిర్ధారణ అయి, ఏ బాధా లేకుండా ఉండి, మామూలు గాలిలో ఆక్సిజన్ 93 శాతం పైన ఉన్నవారు అని రాశారు. తనకు ఏమీ లేదని అనుకోవడం ఒక్కటే చాలదు, వేలి కొన మీది అంకె కూడా ఆ మాటే చెప్పాలి. 2021లో కోవిడ్ రెండో అల చూసినవారికి ఆ షరతు ఎందుకు పెట్టారో విడమరచి చెప్పనక్కరలేదు. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయిన మనుషులను మన వీధుల్లోనే చూశాము. ఆ మార్గదర్శకాల ప్రకారం పాజిటివ్ అయిన నాటి నుంచి కనీసం ఏడు రోజులు విడిగా ఉండాలి, చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు. మళ్లీ పరీక్ష అక్కరలేదు. అలాగే ఉన్నాను.

శుక్రవారం మా వారికి గొంతు గరగర మొదలైంది. శనివారం, సరిగ్గా సంక్రాంతి నాడు, ఆయనకు పరీక్ష చేస్తే మూడో నిమిషానికే 'టి' గీత 'సి' గీతతో సమానంగా ముదిరింది. ఎవరూ ఫోటో తీయలేదు, బాల్కనీలోకి పోలేదు. ఆ పలకను నా ఫోటో పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే కంపెనీ పెట్టెలోవంటే నమ్మబుద్ధి కాలేదు. నాలుగు రోజులు నూట రెండు జ్వరంతో పడుకున్నారు. ఆయనకు వచ్చింది నా నుంచేనా అని నిర్ధారించడం కుదరదు, కానీ ఆ వారం ఆయన ఇంటి నుంచే పనిచేశారు, గడప దాటి పోలేదు. అబ్బాయికి రెండుసార్లు చేసినా నెగెటివ్ వచ్చింది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. బుధవారం సాయంత్రం నేను చూసిన గీత నాకు లక్షణాలు రావని చెప్పలేదు, అప్పటికి రాలేదని మాత్రమే చెప్పింది. లక్షణాలు ఇంకా రానివారు వేరు, ఎప్పటికీ రానివారు వేరు. పరీక్ష రోజున ఇద్దరూ ఒకేలా ఉంటారు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో ఆపివేసిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 3,711 మంది ఉన్నారు. ఫిబ్రవరి 20 నాటికి పాజిటివ్ వచ్చిన 634 మందిలో 328 మందికి పరీక్ష చేసిన రోజున ఏ లక్షణమూ లేదు. సగానికి పైగా అన్నమాట. అయితే వారిలో తర్వాత జ్వరపడినవారిని లెక్క తీసి అంచనా వేస్తే, చివరి వరకు లక్షణాలు రానివారు సుమారు 18 శాతమే అని తేలింది. అదే ఏడాది ఇటలీలో తొలి కోవిడ్ మరణం సంభవించిన వో అనే చిన్న పట్టణంలో ఎక్కువమందికి రెండు విడతలుగా పరీక్షలు చేసినప్పుడు, వైరస్ ఉన్నవారిలో 42.5 శాతానికి లక్షణాలు లేవు. లక్షణాలు ఉన్నవారి ముక్కులోని వైరస్ పరిమాణానికీ, లేనివారి దానికీ చెప్పుకోదగ్గ తేడా కూడా కనిపించలేదు. బాధ లేకపోవడం వైరస్ లేకపోవడం కాదని నాకు నమ్మకం కలిగించిన వాక్యం ఆ అధ్యయనంలోనిదే.

అంత దూరం పోనక్కరలేదు, హైదరాబాదు లెక్కే ఉంది. 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, జాతీయ పోషకాహార సంస్థ, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డుల్లో సుమారు తొమ్మిది వేల మంది రక్తం పరీక్షిస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. వారిలో 75 శాతం మందికి పైగా తమకు ఎప్పుడో కోవిడ్ వచ్చి పోయిందని తెలియదు. అంతకు ముందే, 2020 ఆగస్టులో, సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లను కొలిచి, గత 35 రోజుల్లో ఏదో ఒక దశలో వైరస్ సోకినవారు 6.6 లక్షల మంది ఉండవచ్చని అంచనా వేశారు. ఆసుపత్రి గడప తొక్కనివారి సంగతి ముందుగా మురుగునీటి శుద్ధి కేంద్రాలకు తెలిసింది. మా వీధిలో ఎవరికీ రాలేదు అనే మాట 2020లో ఎన్నిసార్లు విన్నానో, నేనూ ఎన్నిసార్లు అన్నానో తలచుకుంటే ఇప్పుడు మనసు కలుక్కుమంటుంది.

ఇక కిట్ కచ్చితత్వం. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను, వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2022లో కూడగట్టి చూసినప్పుడు, ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలు (ఇంటి కిట్ కూడా ఈ కోవదే) లక్షణాలు ఉన్నవారిలో సగటున 73 శాతం కేసులను పట్టుకున్నాయి. లక్షణాలు లేనివారిలో అది 54.7 శాతమే. అంటే వైరస్ ఉండి లక్షణాలు లేని ఇద్దరు ఒక్కొక్కసారి పరీక్ష చేసుకుంటే దాదాపు ఒకరు తప్పించుకుంటారు. పాజిటివ్ వచ్చినవారితో మెలిగిన అనుమానం ఉంటే అది 64.3 శాతానికి పెరిగింది, అలాంటి కారణమేమీ లేకుండా ఎవరికి పడితే వారికి చేస్తే 49.6కు దిగింది. పెట్టెల మీద అచ్చువేసే 90, 95 శాతాలు ఎక్కువగా లక్షణాలున్న వారి మీద, తొలి రోజుల్లో చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా ఉండదు. నా ప్రధానమైన ఫిర్యాదు అదే.

దీనికి కారణం కిట్‌లో లోపం ఉండడం కాదు. జ్వరం వచ్చినవాడికి జ్వరమే గడియారం. ఎప్పుడు పరీక్ష చేసుకోవాలో ఒళ్లే చెబుతుంది, ఆ రోజుకు ముక్కులో వైరస్ దండిగా ఉంటుంది. లక్షణాలు లేనివాడికి ఆ గడియారం లేదు. సోకిన రెండో రోజున చేసుకుంటే ఇంకా పెరగలేదు, పదో రోజున చేసుకుంటే తగ్గిపోయింది. నా సోమవారం పరీక్ష మూడో రోజున, బుధవారం పరీక్ష ఐదో రోజున జరిగాయి. శుక్రవారం నాడు భోజనం చేస్తూ పక్కన ఎవరున్నారో నాకు తెలుసు కాబట్టి ఆ లెక్కైనా వేయగలిగాను.

అందుకే ఒకే ఒక్క నెగెటివ్‌ను నేను ఇప్పుడు ఆ పూటకు సంబంధించిన మాటగా మాత్రమే తీసుకుంటాను. 2022 ఆగస్టులో, మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ సంస్థ ఇదే విషయాన్ని నియమంగా చెప్పింది: లక్షణాలు ఉన్నవారు 48 గంటల తేడాతో కనీసం రెండుసార్లు, లేనివారు అదే తేడాతో కనీసం మూడుసార్లు పరీక్ష చేసుకోవాలి. మూడుసార్లు అనగానే మన దగ్గర ఖర్చు మాట వస్తుంది. 2021 మేలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతి పొందిన తొలి ఇంటి కిట్, పుణెకు చెందిన మైల్యాబ్ వారి కోవిసెల్ఫ్, 250 రూపాయల ధరతో వచ్చింది. నేను కొన్నవి కూడా దాదాపు అదే ధరకు దొరికాయి. ఒక మనిషికి మూడుసార్లంటే 750, నలుగురున్న ఇంటికి 3,000 రూపాయలు. జ్వరం లేకుండా అంత ఖర్చు పెట్టమని దినసరి కూలి మీద బతికే ఇంటికి ఎవరు చెప్పగలరు? ఇంగ్లండులో, కోవిడ్ సోకినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి లక్షణాలు ఉండవని ప్రచారం చేస్తూ, 2021 ఏప్రిల్ నుంచి 2022 మార్చి చివరి వరకు ఎవరికి కావాలన్నా కిట్లు ఉచితంగా ఇచ్చారు. 2022 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఇంటికి నాలుగేసి కిట్లు తపాలాలో పంపింది. డల్లాస్‌లో ఉంటున్న మా చెల్లెలు ఆ నాలుగింటినీ దాచి, మా అమ్మానాన్నలు అక్కడికి వెళ్లినప్పుడు వాడింది. వస్తువు ఒకటే అయినా, లక్షణాలు లేనివారికి అది ఉపయోగపడేది కొత్త కిట్లతో మళ్లీ మళ్లీ పరీక్ష చేసుకోగలిగినప్పుడే.

పాజిటివ్ విషయంలోనూ ఒక జాగ్రత్త చెప్పాలి. వైరస్ లేనివారికి నెగెటివ్ చూపడంలో ఈ పరీక్షలు 99 శాతం పైన నమ్మదగినవి. అయినా అలలు లేని నెలల్లో, కారణం లేకుండా అందరికీ చేస్తే లెక్క తలకిందులవుతుంది. వెయ్యి మందిలో ఐదుగురికే వైరస్ ఉందనుకుందాం. ఆ ఐదుగురిలో ముగ్గురు దొరుకుతారు. మిగిలిన 995 మందిలో వెయ్యికి నలుగురి చొప్పున తప్పు గీత వచ్చినా నలుగురు తేలతారు. అంటే ఏడు పాజిటివ్‌లలో నాలుగు తప్పు. 2023 ఏప్రిల్‌లో కేసులు మళ్లీ పెరిగినప్పుడు మా ఇంట్లో వాడాము కానీ, ఆ ఏడాది వానకాలంలో పెళ్లికి వెళ్లే ముందు అందరం చేసుకుందామని మా వారు అంటే నేను వద్దన్నది ఇందుకే.

నేను మొదటి కిట్ కొన్న జనవరి 10నే ఐసీఎంఆర్ కొత్త సూచనలు ఇచ్చింది. సమాజంలో లక్షణాలు లేనివారికి పరీక్ష అక్కరలేదు, పాజిటివ్ వచ్చినవారితో మెలిగినా వయసు వల్లో వేరే జబ్బుల వల్లో ప్రమాదం ఉంటే తప్ప అక్కరలేదు అని వాటిలో ఉంది. ఆ లెక్కన నేను పరీక్ష చేసుకోవలసిన మనిషిని కాను. ఆ సూచనను నేను తప్పుపట్టను. ఆ నెలలో రోజుకు మూడు లక్షలకు పైగా కేసులు వస్తున్నప్పుడు ప్రయోగశాలలు జబ్బుపడ్డవారి కోసం మిగలాలి. కానీ ఆ సూచన నాకు వచ్చే ప్రమాదాన్ని కొలిచింది. మా ఇంట్లో ప్రశ్న నా ప్రమాదం గురించి కాదు, నా పక్క మంచం మీది మనిషి గురించి. ప్రయోగశాల దగ్గర వరుసలో నిలబడకుండా, ఎవరి వంతూ తీసుకోకుండా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి ఇంటి కిట్ ఒక్కటే దారి చూపింది. దానికి నేను కృతజ్ఞురాలిని.

లోపాలు కూడా రాయాలి. నేను వాడిన మూడు రకాల పెట్టెల్లో ఒక్కదానిలోనూ తెలుగు సూచనలు లేవు. ఇంగ్లీషు, హిందీ మాత్రమే. పలుచని గీత గురించిన వాక్యం అమ్మమ్మ ఊరిలో ఎవరు చదువుకోగలరు? రెండోది, ఫలితాన్ని అప్పట్లో కంపెనీ యాప్‌లో ఎక్కించాల్సి ఉండేది. నా పలుచని గీత ఫోటోను యాప్ మూడుసార్లు స్పష్టంగా లేదని తిప్పికొట్టింది, చివరికి వదిలేశాను. మా వారిది మాత్రం ఒక్కసారికే ఎక్కింది. అలా లక్షణాలు లేని పాజిటివ్ ఒకటి ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది, పోయినది నా ఒక్కదానిదే అయి ఉండదు. మూడోది, ఈ కిట్లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టె మీదే ఉంటుంది; మే నెలలో ఏసీ లేని దుకాణంలో అద్దాల బీరువాలో ఎండ తగిలే చోట ఉన్న పెట్టెలను నేను చూశాను. కొనేటప్పుడు ఎక్కడ పెట్టారో అడగండి, గడువు తేదీ చూడండి. చివరగా, గొట్టం మెత్తగా ఉండి కొంచెం గట్టిగా నొక్కితే చుక్కలు వరుసగా జారిపోతాయి. నా చేతిలో పాడైన కిట్ అలా పోయినదే. గొట్టాన్ని నిలువుగా పట్టుకొని, ఒక్కో చుక్క తర్వాత వేళ్లు వదలడం అలవాటు చేసుకోవాలి.

నాకు లక్షణాలు ఎందుకు రాలేదని బంధువులు ఇప్పటికీ అడుగుతారు, కషాయం మహిమ అని కొందరు తామే తేల్చేస్తారు. అప్పటికి నేను రెండు డోసులు వేసుకొని ఉన్నాను, అది ఒక కారణం కావచ్చు. టీకా వేసుకోనివారి మీద జరిగి 2023 జులైలో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన అధ్యయనంలో, హెచ్‌ఎల్‌ఏ-బి*15:01 అనే జన్యు రూపం ఉన్నవారికి లక్షణాలు రాకపోయే అవకాశం ఎక్కువని తేలింది. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లను ఎదుర్కొన్న వారి టి కణాలు (శరీరాన్ని కాపాడే రోగనిరోధక కణాలు) ఈ కొత్త వైరస్‌నూ గుర్తుపట్టగలగడమే అందుకు కారణమట. కాబట్టి ఇది ఎవరి గొప్పతనమూ కాదు, ఎవరి తప్పూ కాదు. లక్షణాలు లేకుండా పాజిటివ్ వచ్చినవారిని ఆ రోజుల్లో అపార్టుమెంటు మెట్ల మీద దొంగలను చూసినట్లు చూశారు. వారు దాచిందేమీ లేదు, వారికే తెలియదు.

కొనవచ్చా అంటే, నా అభిప్రాయం ఇది. మీరు పాజిటివ్ వచ్చిన మనిషితో దగ్గరగా మెలిగి, నాలుగైదు రోజుల్లో వృద్ధులనో, కీమో తీసుకుంటున్నవారినో, డయాలిసిస్‌లో ఉన్నవారినో, చంటిబిడ్డ తల్లినో కలవవలసి ఉంటే తప్పకుండా కొనండి. ఒకటి కాదు, మూడు. చివరిది కలవబోయే రోజునే చేసుకోండి. పాజిటివ్ వస్తే ఒంట్లో ఎంత ఓపికగా ఉన్నా నమ్మండి. నెగెటివ్ వచ్చినా మాస్క్ తీసేయకండి, కిటికీ తెరిచే ఉంచండి. ఒక్కటే కొని, ఒక్కసారి చేసుకొని, దాన్ని ధ్రువపత్రంలా జేబులో పెట్టుకు తిరిగేటట్లయితే కొనకపోవడమే మేలు, ఎందుకంటే లేని ధైర్యం ఇస్తుంది. ఈ షరతులతో ఐదుకు మూడున్నర ఇస్తాను. తెలుగు సూచనలూ, మూడు పలకలు కలిపి తక్కువ ధరకు ఇచ్చే పెట్టె కూడా వస్తే నాలుగున్నర ఇస్తాను.

2022 మార్చి 1న మహాశివరాత్రికి ఊరు వెళ్లాము. జాగారం రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు అమ్మమ్మ పండగ సంగతి మళ్లీ ఎత్తింది; కోపం సగమే తగ్గింది. ఫోనులో జనవరి 12 నాటి ఫోటో తీసి చూపించాను. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో ఫోనును దగ్గరికీ దూరానికీ జరుపుతూ, "ఒక్క గీతే ఉంది కదే" అంది. ఎలా పెద్దది చేయాలో వేలు పట్టి చూపించాను. కాసేపు చూసి, వేలి గోటిని తెర మీద సరిగ్గా ఆ పోగు పక్కన ఆనించి, "ఇదా?" అని అడిగింది. అవునన్నాను. ఫోను నా చేతికి ఇచ్చి, నా మంచం తన మంచం పక్కకు జరపమని పాలేరుకు కేక వేసింది.